హామ్‌స్టర్‌కు వారానికో గుడ్డుముక్క

ఆదివారం పూట పంజరం కడగడం మా ఇంట్లో నా వంతు. మొన్న గూటిలోని కాగితపు పీలికలు ఎత్తి చూస్తే అడుగున, పొద్దుతిరుగుడు గింజల కుప్ప పక్కనే, కోడిగుడ్డు తెల్లసొన ముక్క ఒకటి ఎండి తోలులా పడి ఉంది. బుధవారం పెట్టిన ముక్క అది. మా అమ్మాయి పెంచుతున్న హామ్‌స్టర్ పేరు బఠాణీ. గిన్నె ఖాళీ అయింది కాబట్టి బఠాణీ గుడ్డు తినేసిందనే నాలుగు రోజులుగా మేమంతా సంతోషిస్తున్నాం. అది మాత్రం ముక్కను బుగ్గ సంచిలో కుక్కుకుని వెళ్ళి భద్రంగా దాచుకుంది. వాసన సంగతి వదిలేద్దాం.

అసలు గుడ్డెందుకు పెట్టామంటే, అమ్మినతను చెప్పాడు కాబట్టి. "వారానికోసారి ఉడకబెట్టిన గుడ్డు పెట్టండి సార్, ప్రోటీన్ తక్కువైతే కరుస్తుంది" అన్నాడు. "ఇంత ప్రాణానికి గుడ్డేమిట్రా, వేడి చేస్తుంది" అంది మా అమ్మ. పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్తే ఆయన సలహా ఇవ్వకుండా ఎదురు ప్రశ్న వేశాడు: "రోజూ ఏం తింటోంది?" హామ్‌స్టర్‌కు అదనంగా ప్రోటీన్ పెట్టాలా వద్దా అన్న చర్చలో నాకు కనబడిన పక్షాలు దాదాపు ఈ మూడే. తక్కినవన్నీ వీటికి కొమ్మలు.

ముందు అందరూ వల్లించే అంకె దగ్గర మొదలుపెడదాం. సిరియన్ హామ్‌స్టర్ తిండిలో ప్రోటీన్ 18 శాతం ఉండాలంటారు. కొందరు 16 నుంచి మొదలుపెడతారు, కొందరు 24 దాకా వెళ్తారు. మొత్తం మీద బండి 18 దగ్గర ఆగుతుంది. ఈ అంకె స్వేచ్ఛగా తిరిగే జంతువును గమనించి రాసుకున్నది కాదు, ప్రయోగశాలలో పుట్టినది. అది తెలియాలంటే ఈ జంతువు మనిషి ఇంట్లోకి ఎలా వచ్చిందో కొంచెం చెప్పుకోవాలి.

జెరూసలేం హీబ్రూ విశ్వవిద్యాలయంలో సాల్ అడ్లర్ అనే పరాన్నజీవి శాస్త్రజ్ఞుడు లీష్మానియా మీద పనిచేస్తుండేవాడు. మన బీహారునూ బెంగాలునూ పీడించిన కాలా అజార్‌కు మూలం ఆ కుటుంబపు పరాన్నజీవే. అడ్లర్ ప్రయోగాలకు చైనా హామ్‌స్టర్లు కావాలి, అవేమో అక్కడ పిల్లలు పెట్టవు. స్థానికంగా ఏదైనా దొరుకుతుందేమో చూడమని జంతుశాస్త్రజ్ఞుడు ఇజ్రాయెల్ అహరోనిని అడిగాడు. 1930 ఏప్రిల్‌లో సిరియాలోని అలెప్పో దగ్గర ఒక గోధుమ చేలో కూలీలు తవ్వగా తవ్వగా ఒక తల్లి, దాని పిల్లలు బయటపడ్డాయి. వాటిలో చచ్చినవి చావగా, పారిపోయినవి పోగా, మిగిలిన కొద్దిపాటి తోబుట్టువులు జెరూసలేంలో పిల్లల్ని పెట్టాయి. ఏడాది తిరిగేసరికి అవి వందకు పైబడ్డాయి. 1931లో అడ్లర్ కొన్నింటిని కోటు జేబుల్లో పెట్టుకుని ఇంగ్లండు చేర్చాడని చెబుతారు. ఈ రోజు ప్రపంచమంతటా పెంపుడు పంజరాల్లో చక్రం తిప్పుతున్న సిరియన్ హామ్‌స్టర్లు దాదాపుగా ఆ ఒక్క గూటి సంతానమే.

అంటే మొదటి కొన్ని తరాలపాటు ఈ జంతువు ప్రయోగశాల జంతువే. ఎలుకలకూ చుంచులకూ పెట్టే గుళికలనే దానికీ పెట్టారు. ఏ పాళ్ళలో పెడితే పిల్లలు త్వరగా ఎదుగుతున్నాయి, ఏ పాళ్ళలో తల్లులు ఎక్కువ పిల్లల్ని సాకుతున్నాయి అని కొలిచారు. అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 1995లో సవరించి ప్రచురించిన ప్రయోగశాల జంతువుల పోషకావసరాల పుస్తకంలో హామ్‌స్టర్ అధ్యాయం పక్కనున్న ఎలుక, చుంచు అధ్యాయాల ముందు చిన్నబోతుంది. ఉన్న కొలతలు కూడా ఎక్కువగా ఎదిగే పిల్లల మీద తీసినవే. ప్రయోగశాలకు కావలసింది వేగం. ఆరు వారాల్లో ఎదగాలి, పదహారు రోజుల్లో ఈనాలి. మా అమ్మాయికి కావలసింది బఠాణీ రెండు మూడేళ్ళు హాయిగా బతకడం. లక్ష్యం వేరైనప్పుడు అంకె కూడా కొంచెం జరుగుతుంది. పెరుగుదల ఆగిన పెద్ద హామ్‌స్టర్‌కు 16 నుంచి 18 శాతం చాలన్నది చాలామంది ఒప్పుకునే మాట. 18కి పైన వెళ్ళవలసింది ఎదిగే పిల్లలకూ, కడుపుతో ఉన్నవాటికీ, పాలిచ్చేవాటికీ.

(ప్రయోగశాల మాట వచ్చింది కాబట్టి ఒక పిట్టకథ. 1960ల మొదట్లో గ్లాస్గోలో సిరియన్ హామ్‌స్టర్ పిల్లల మూత్రపిండాల నుంచి ఒక కణాల పరంపరను తయారుచేశారు. ఆ కణాల మీద పెంచిన వైరస్‌తోనే గాలికుంటు టీకా తయారవుతుంది. హైదరాబాదులోనూ చేస్తారు. హామ్‌స్టర్‌ను కంటితో చూడని పల్లెల్లో కూడా పాడిపశువుల ఒంట్లోకి ఆ అలెప్పో గూటి ఉపకారం వెళ్ళింది.)

ఇక శాతాల సంగతి. ఈ చర్చలో సగం గొడవ ఇక్కడే ఉంది. దీనికి జీవశాస్త్రం అక్కర్లేదు, ఎక్కం వస్తే చాలు.

సిరియన్ హామ్‌స్టర్ బరువు సుమారు 130 గ్రాములు అనుకుందాం. రోజుకు పది గ్రాముల ఎండు తిండి తింటుంది. అందులో 18 శాతమంటే 1.8 గ్రాముల ప్రోటీన్. వినడానికి చిటికెడు. కానీ కిలో బరువుకు లెక్కేస్తే దాదాపు 14 గ్రాములు. మనకు భారత వైద్య పరిశోధన మండలి సిఫారసు కిలోకు 0.83 గ్రాములు. అంటే బరువుకు బరువు చూస్తే హామ్‌స్టర్ మనకు పదిహేను రెట్లకు పైగా తింటోంది. చిన్న ఒంటికి వేడి త్వరగా పోతుంది, లోపలి పొయ్యి ఎప్పుడూ మండుతూనే ఉండాలి. అందుకే తిండిలో ఏది కొరవడినా దాని ఒంటి మీద తొందరగా కనబడుతుంది. బొచ్చు పలచబడుతుంది, తోలు పొడిబారుతుంది, పిల్లలు ఎదగవు.

ఇప్పుడు దుకాణాల్లో "హామ్‌స్టర్ ఫుడ్" పేరిట సంచుల్లో విడిగా అమ్మే మిశ్రమాన్ని ఒక పళ్ళెంలో పోసి చూడండి. మేం తెచ్చినదాంట్లో కొర్రలు, సజ్జలు, జొన్నలు, పగిలిన మొక్కజొన్న, నాలుగు పొద్దుతిరుగుడు గింజలు, రంగు వేసిన బిస్కెట్ లాంటి ముక్కలు కొన్ని ఉన్నాయి. పిట్టల తిండికీ దీనికీ తేడా ఆ రంగు ముక్కలే. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు తీస్తే సజ్జల్లో ప్రోటీన్ సుమారు 11 శాతం, జొన్నల్లో 10, మొక్కజొన్నలో 9, కొర్రల్లో 12. ఎటు కలిపినా 11కు అటూ ఇటూ. పది గ్రాములు తింటే వచ్చేది 1.1 గ్రాములు. రోజుకు 0.7 గ్రాముల లోటు.

వారానికోసారి పెట్టే గుడ్డుముక్క ఈ లోటును పూడుస్తుందా? ఉడికిన గుడ్డులో మూడొంతులు నీరే, ప్రోటీన్ 13 శాతం. అయిదు గ్రాముల ముక్క పెట్టామనుకోండి, వచ్చేది 0.65 గ్రాములు. వారం లోటు అయిదు గ్రాములకు దగ్గర. ఏడింట ఒక వంతు పూడింది, అదీ ముక్కను గూట్లో దాచుకోకుండా తింటే. అదే హామ్‌స్టర్ 18 శాతం ఉన్న గుళికలు తింటుంటే ఆ గుడ్డుముక్క వల్ల వచ్చే తేడా ఏమీ లేదు. రోజూ మంచి తిండి తినేదానికి అది చిరుతిండి, రోజూ పిట్టగింజలు తినేదానికి అది కంటితుడుపు. రెండు ఇళ్ళవాళ్ళూ మాత్రం "మేం ప్రోటీన్ పెడుతున్నాం" అనే అంటారు. పశువైద్యుడి ఎదురు ప్రశ్న విలువ నాకు ఈ లెక్క వేశాకే తెలిసింది.

శాతాల్లో ఇంకో తిరకాసు ఉంది. ఎండబెట్టిన మీల్‌వార్మ్‌లలో, అంటే ఒక రకం పెంకుపురుగు పిల్ల పురుగుల్లో, 50 శాతం ప్రోటీన్ అని పొట్లం మీద ఉంటుంది. గుడ్డు 13, పురుగు 50 అనగానే పురుగే గొప్పదనిపిస్తుంది. గుడ్డులోని నీరు తీసేసి చూస్తే అదీ 50కి దగ్గరే. తడి తిండినీ ఎండు తిండినీ పక్కపక్కన పెట్టి శాతాలు పోల్చడమంటే పచ్చి మిరపకాయల్నీ ఎండు మిరపకాయల్నీ కిలోల లెక్కన పోల్చడం లాంటిది.

పోనీ మిశ్రమం మంచిదే, సంచి మీద 17 శాతమని రాసి ఉంది. అయినా హామ్‌స్టర్ తినేది 17 శాతం కాకపోవచ్చు. గిన్నె నిండా పోస్తే అది ముందు పొద్దుతిరుగుడు ఏరుకుంటుంది, తర్వాత పల్లీలు, చివరికి గుళికలు మిగిల్చి కొత్త గిన్నె కోసం చూస్తుంది. పొద్దుతిరుగుడులో ప్రోటీన్ 20 శాతం ఉందని సంబరపడేవాళ్ళున్నారు. దాంట్లో సగం నూనె ఉందన్న సంగతి ఆ హామ్‌స్టర్ నడుము చెబుతుంది. అందుకే గిన్నె అడుగు కనబడేదాకా కొత్తది పోయకూడదన్న పాత పద్ధతికి నా ఓటు. ఒక్క ఇబ్బంది ఉంది: గిన్నె ఖాళీ అయితే తిన్నట్టు కాదు. గూటి కుప్పలో ఏం మిగిలిందో చూస్తేనే అది నిజంగా ఏం తిన్నదో తెలుస్తుంది. దాచుకోవడానికి జర్మన్‌లో వాడే క్రియ ఈ జంతువు పేరు మీదనే పుట్టింది మరి.

పాళ్ళతో పాటు నాణ్యం. తిండిగింజల ప్రోటీన్‌లో లైసీన్ తక్కువ. పప్పుల్లో లైసీన్ దండిగా ఉంటుంది, గంధకం ఉన్న మెథియోనిన్ తక్కువ. అన్నం, పప్పు కలిపి తినడం మన పెద్దవాళ్ళు ఈ పేర్లేవీ తెలియకుండానే చేసిన పని. హామ్‌స్టర్‌కూ అదే సూత్రం. జొన్న, కొర్రల్లో కాసిని ఉడికించిన సెనగలో పెసలో కలిపితే అంకె పెరగడమే కాదు, రెండింటి లోపాలూ ఒకదానితో ఒకటి సర్దుకుంటాయి. దాని పొట్ట కూడా విచిత్రమైనదే. ముందు ఒక అర ఉంటుంది, ఆవు పొట్టంత కాకపోయినా అక్కడ సూక్ష్మజీవులు తిండిని కొంత పులియబెడతాయి. పైగా హామ్‌స్టర్ తన పెంటికలు కొన్నింటిని తానే మళ్ళీ తింటుంది. చూసి ముఖం తిప్పుకునే పిల్లలకు, మొదటిసారి జారిపోయిన పోషకాలను అది వెనక్కి తెచ్చుకుంటోందని చెప్పవచ్చు. మా అమ్మాయికి చెప్పాను. "అయినా ఛీ" అంది.

తిండిని జంతువుల మీద కొలిచే పని మన దేశంలో చాలా ముందే జరిగింది. కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ భారతదేశపు వేర్వేరు ప్రాంతాల తిండ్లను ఎలుకలకు పెట్టి, ఏవి ఎలా ఎదుగుతాయో చూశాడు. గోధుమ రొట్టె, పాలు, వెన్న, పప్పు, కూరలు ఉన్న సిక్కుల తిండి తిన్న ఎలుకలు దిట్టంగా ఎదిగాయి. బియ్యమే ప్రధానమైన మద్రాసు తిండి తిన్నవి గిడసబారాయి. అప్పటి మద్రాసంటే మన కోస్తా, రాయలసీమలు కూడా. ఆ కూనూరు ప్రయోగశాలే 1950ల చివర్లో హైదరాబాదుకు తరలివచ్చి తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. దాని మాట మళ్ళీ వస్తుంది.

ఎందుకంటే ఈ సమీక్షలో అన్నిటికంటే గట్టి సాక్ష్యం ఫ్రాన్సులో మొదలై హైదరాబాదులో తేలుతుంది. "ప్రోటీన్ చాలకపోతే తల్లి హామ్‌స్టర్ పిల్లల్ని తినేస్తుంది" అన్నది పెంపకందారుల్లో వేదవాక్కు. గర్భిణికి గుడ్డు, మీల్‌వార్మ్‌లు, కోడిమాంసం పెట్టమనడానికి అందరూ చెప్పే కారణం ఇదే.

ఫ్రాన్సులోని అల్సాస్ ప్రాంతంలో అడవి హామ్‌స్టర్ ఒకటుంది. ఐరోపా హామ్‌స్టర్ అంటారు, మన పంజరాల్లోనిదానికి రెండు మూడింతలు పెద్దది. అక్కడి పొలాలన్నీ మొక్కజొన్న అయిపోయాక ఈ జాతి అంతరించే అంచుకు వచ్చింది. స్ట్రాస్‌బర్గ్ పరిశోధకులు మాథిల్డ్ టిసియే, ఆమె సహచరులు 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆడ హామ్‌స్టర్లకు గోధుమగానీ మొక్కజొన్నగానీ ప్రధానంగా పెట్టి, తోడుగా క్లోవర్ గడ్డిగానీ వానపాములుగానీ ఇచ్చారు. పిల్లలు పుట్టడంలో తేడా లేదు. పుట్టాకే తేడా. గోధుమ, క్లోవర్ తిన్న తల్లుల పిల్లల్లో అయిదింట నాలుగు వంతులు బతికాయి. మొక్కజొన్న తిన్న తల్లుల పిల్లల్లో నూటికి అయిదు. మిగతావాటిని తల్లులే, బతికుండగానే, దాచిన మొక్కజొన్న గింజల కుప్ప మీద పెట్టుకుని తినేశాయి. ఆ తల్లుల నాలుకలు వాచి నల్లబడ్డాయి. పంజరంలో గుండ్రంగా తిరిగాయి.

చూడండి, తోడుగా వానపాములున్నాయి. వానపాము ఒళ్ళంతా ప్రోటీనే. అయినా ఆగలేదు. ఆపింది నయాసిన్, అంటే బి3 విటమిన్. మొక్కజొన్న తిండికే బి3 కలిపి పెడితే తల్లులు పిల్లల్ని మామూలుగా సాకాయి. మొక్కజొన్నలో ఉన్న నయాసిన్ ఒంటికి అందని రూపంలో ఉంటుంది, దాన్ని ఒంట్లోనే తయారుచేసుకోవడానికి కావలసిన ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లమూ మొక్కజొన్నలో తక్కువే. మనుషుల్లో ఇదే కొరతకు పెల్లాగ్రా అని పేరు. 1735 నుంచి స్పెయిన్‌లోనూ తర్వాత ఇటలీలోనూ అమెరికా దక్షిణ రాష్ట్రాల్లోనూ మొక్కజొన్నే తిన్న పేదలకు తోలు నల్లబడి, పొట్ట చెడి, మతి చలించి చనిపోయిన జబ్బు అది.

మన దక్కనులో మొక్కజొన్న తినని పల్లెల్లోనూ పెల్లాగ్రా కనబడింది. ఎండ తగిలే మెడ, చేతులు, పాదాల మీద తోలు నల్లగా మందమై వచ్చే రోగులు హైదరాబాదు ఆసుపత్రులకు వచ్చేవారు. వాళ్ళు జొన్న తినేవాళ్ళు. కూనూరు నుంచి తరలివచ్చిన ఆ ప్రయోగశాలలోనే కొలుత్తూరు గోపాలన్, శ్రీకాంతయ్య 1960లో ఒక వాదన ముందుకు తెచ్చారు: జొన్నలో ట్రిప్టోఫాన్ మరీ తక్కువేం కాదు, కానీ లూసీన్ అనే మరో అమైనో ఆమ్లం మరీ ఎక్కువ, అది నయాసిన్ తయారీకి అడ్డుపడుతుంది. లూసీన్ సిద్ధాంతం మీద తర్వాత చాలా వాదోపవాదాలు జరిగాయి, అందరూ ఒప్పుకోలేదు. కానీ ఒక సంగతి అప్పుడే బయటపడింది. ప్రోటీన్ మొత్తం ఎంతన్న లెక్కతో పని అవదు. అందులో ఏది ఏ పాళ్ళలో ఉందన్నదీ, పక్కన ఏ విటమిన్ ఉందన్నదీ చూడాలి. మన దుకాణాల మిశ్రమాల్లో జొన్న, మొక్కజొన్నలే మెజారిటీ అని గుర్తుంచుకుంటే అల్సాస్ అంత దూరమనిపించదు.

పిల్లల్ని తినడం మీద ఇంకో పాత అధ్యయనం ఉంది. 1970ల్లో కెనడాలో సిరియన్ హామ్‌స్టర్ తల్లుల గూళ్ళలో అదనంగా పిల్లల్ని పెట్టి చూస్తే అవి ఎక్కువ పిల్లల్ని తిన్నాయి, కొన్నింటిని తీసేస్తే తక్కువ తిన్నాయి. తాను సాకగలిగే సంఖ్యకు తల్లే దించుకుంటోంది. ఇది తిండి లోపం కాదు, లెక్క. మూడో కారణం భయం. 1930లో అలెప్పోలో ఏం జరిగిందో అహరోనీ రాసిపెట్టాడు. గూడు తవ్వి తీశాక తల్లి తన దగ్గరికి వచ్చిన మొదటి పిల్ల తల కొరికేసింది. ఆ క్షణంలో దానికి కొరవడింది ప్రోటీన్ కాదు. పారలతో నెత్తిమీద నిలబడ్డ మనుషులు వెళ్ళిపోవడం కావాలి. ఈనిన హామ్‌స్టర్ గూటిని పది రోజులు ముట్టకండి, పిల్లల్ని చేతుల్లోకి తీసుకోకండి అని పెంపకందారులు చెప్పేది ఇందుకే. ఈ మాట పాటించకుండా గుడ్డు ఎంత పెట్టినా లాభం లేదు. అట్లాగని గర్భిణికి ప్రోటీన్ అక్కర్లేదని కాదు. పదహారు రోజుల్లో ఎనిమిది, పది పిల్లల్ని మోసి, కని, మూడు వారాలు పాలివ్వడమంటే ఆ ఒంటికి మామూలు పని కాదు. అదనపు ప్రోటీన్‌కు నిజమైన హక్కుదారు ఎవరైనా ఉంటే అదే. ఈనకముందు నుంచీ పిల్లలు పాలు మానేదాకా మంచి గుళికలు ధారాళంగా పెట్టి, రోజూ కొంచెం గుడ్డో పనీరో ఇవ్వడంలో ఎవరికీ భిన్నాభిప్రాయం లేదు.

అమ్మినతను చెప్పిన "కరుస్తుంది" మాటకు మాత్రం నాకు ఆధారం దొరకలేదు. నిద్రలేపితే కరుస్తుంది, వేలికి తిండి వాసన ఉంటే కరుస్తుంది, రెండు పెద్ద సిరియన్లను ఒకే పంజరంలో పెడితే ఒకదాన్నొకటి చంపుకునేదాకా కరుచుకుంటాయి.

ప్రకృతి పక్షం వాదన ఇంకొకటి. అడవిలో హామ్‌స్టర్ పురుగులు తింటుంది కాబట్టి పంజరంలోనూ పెట్టాలంటారు. ఇందులో నిజముంది, కానీ అన్ని హామ్‌స్టర్లూ ఒకటి కాదు. అలెప్పో మైదానంలో సిరియన్ హామ్‌స్టర్లను వెతికిన జర్మన్ జంతుశాస్త్రజ్ఞుడు రోల్ఫ్ గాటర్‌మన్ బృందానికి వాటి బొరియలు పంట చేలల్లో, అందులోనూ పప్పుధాన్యాల చేలల్లో కనబడ్డాయి. అంటే దాని సొంత ఊళ్ళో మాంసకృత్తుల్లో పెద్ద వాటా పప్పులదే అయి ఉండాలి. (అదే బృందం, పంజరాల్లో రాత్రంతా తిరిగే ఈ జంతువు సొంత ఊళ్ళో పట్టపగలు తిరుగుతుందని 2008లో చెప్పి అందరినీ ఆశ్చర్యపరిచింది. పంజరంలో చూసినదాన్నే ప్రకృతి అనుకోవడం ఎంత పొరపాటో!) మంగోలియా, ఉత్తర చైనా ఇసుక మేటల్లో బతికే చిట్టి రోబొరోవ్‌స్కీ తీరు వేరు. గింజలతో పాటు పురుగులూ దాని తిండిలో భాగమే. బొటనవేలంత జంతువు, బరువు పాతిక గ్రాములు. దానికి వారానికి రెండు మూడు మీల్‌వార్మ్‌లు పెట్టడానికి సిరియన్ కంటే ఎక్కువ న్యాయం ఉంది. క్యాంప్‌బెల్, చైనా రకాలకు మధుమేహం తేలిగ్గా వస్తుంది. వాటికి బహుమతిగా పండుముక్కకు బదులు గుడ్డుముక్కో పురుగో ఇవ్వడం తెలివైన పని. అక్కడ ప్రోటీన్ గుణం కంటే చక్కెర లేకపోవడమే మేలు చేస్తుంది.

ఎక్కువైతే ఏమవుతుంది? మా అమ్మ "వేడి చేస్తుంది" అన్న మాటను నేను నవ్వి తోసెయ్యను. కాకపోతే ఆ వేడి మూత్రపిండాల దగ్గర వెతకాలి. ఒంటికి అక్కర్లేని ప్రోటీన్‌లోని నత్రజని యూరియాగా మారి బయటికి పోవాలి, ఆ పని మూత్రపిండాలది. హామ్‌స్టర్లకు ముసలితనంలో ముందు చెడేవి తరచు అవే. ముఖ్యంగా ముసలి ఆడ సిరియన్లలో అమిలాయిడ్ అనే పదార్థం మూత్రపిండాల్లో పేరుకుంటుంది. తిండిలోని ప్రోటీన్ వల్లే ఆ జబ్బు వస్తుందనడానికి లేదు. అయితే ఏడాదిన్నర దాటి, నీళ్ళు ఎక్కువ తాగుతూ, బరువు తగ్గుతున్న హామ్‌స్టర్‌కు బలం కోసమని మాంసం పెంచడం మంచిది కాదు. ముందు వైద్యుడికి చూపించాలి. వయసులో ఉన్నవాటికి వచ్చే ముప్పు మరోటి: ప్రోటీన్ పేరుతో లోపలికి పోయే కొవ్వు. ఎండు మీల్‌వార్మ్‌లలో పాతిక శాతానికి పైగా, పల్లీల్లో, గుమ్మడి గింజల్లో సగానికి దగ్గరగా కొవ్వే. మీల్‌వార్మ్‌లలో భాస్వరం మెండు, కాల్షియం బాగా తక్కువ.

ఇక మన వంటింటి సంగతి. విదేశాల్లో రాసిన సలహాల్లో ఉండే ఎండు రొయ్యజాతి పురుగులూ పొట్లాల్లో అమ్మే మిడతలూ ఇక్కడ అన్ని ఊళ్ళలో దొరకవు, దొరికినా ఖరీదు. అవసరమూ లేదు. ఉప్పు వెయ్యని ఉడికిన గుడ్డు అన్నిటికంటే సులువు. ఇంట్లో గుడ్డు వండనివాళ్ళు దిగులుపడక్కర్లేదు. పిల్లికి మాంసం తప్పదు గానీ హామ్‌స్టర్‌కు అట్లాంటి నిర్బంధం లేదు. ప్రయోగశాల గుళికల్లో కూడా ప్రోటీన్ ఎక్కువగా సోయా నుంచే వస్తుంది. ఉడికించి పిండేసిన మీల్‌మేకర్ గింజంత ముక్క చాలు, ఎండులో దానిది 50 శాతం పైన. ఉడికిన సెనగలు రెండు, చారెడు కాదు, రెండే. ఉప్పు లేని పనీర్ బఠాణీ గింజంత. పెసర మొలకలు మంచివే గానీ వాటిలో ఎక్కువ భాగం నీరే, వాటిని ప్రోటీన్ లెక్కలో కట్టొద్దు. పచ్చి సోయా, పచ్చి రాజ్మా వద్దు. ప్రోటీన్ అరుగుదలను అడ్డుకునే పదార్థాలు వాటిలో ఉంటాయి, ఉడికిస్తేనే పోతాయి. పల్లీలు పెడితే ఒకటి, అదీ బూజు లేనిది చూసి. తేమ పట్టిన పల్లీల బూజు విషం మన ఊళ్ళలో కోళ్ళ ఫారాలవాళ్ళకు బాగా తెలుసు. ఆ కోళ్ళలో దేనికన్నా ఈ ప్రాణి చిన్నది. పోపు పెట్టిన పప్పు, ఉల్లిపాయ వేసిన ఆమ్లెట్టు, కారం తగిలిన చికెన్ ముక్క ముద్దుకు కూడా వద్దు.

మీల్‌మేకర్, పనీర్, గుడ్డు ఏదైనా సరే, మే నెల విజయవాడలో గంటల మీద పాడవుతుంది. విదేశీ పుస్తకాల్లో "మర్నాడు తీసెయ్యండి" అని ఉంటుంది. మన ఎండల్లో పెట్టిన రెండు గంటలకే గిన్నె, గూడు రెండూ చూడాలి. సాయంత్రం అది లేచాక, మన కళ్ళ ముందే, చేత్తో అందిస్తే ఇంకా మేలు.

గుడ్డుముక్క బయటపడ్డ ఆదివారం తర్వాత మేం చేసింది మూడు పనులు. పిట్టగింజల సంచిని బాల్కనీలో పిచ్చుకలకు వదిలేశాం. 18 శాతమున్న గుళికలు తెచ్చి, పాత మిశ్రమంలో కొంచెం కొంచెంగా కలుపుతూ రెండు వారాల్లో పూర్తిగా మార్చాం. మొదటి నాలుగు రోజులు బఠాణీ గుళికల్ని ఒక్కొక్కటే నోట పట్టి గిన్నె బయట పడేసి నా వంక చూసింది. అయిదో రోజు తినడం మొదలుపెట్టింది. గుడ్డు మాత్రం మానలేదు, అమ్మాయి ఒప్పుకోలేదు. బుధవారం సాయంత్రం పెసరగింజంత తెల్లసొన చేతిలో పెట్టుకుని కూర్చుంటుంది. అది వచ్చి ముక్కను రెండు చేతులతో పట్టుకుని, బుగ్గలో పెట్టుకోబోయి, ఒక్క క్షణం ఆగి, అక్కడే కూర్చుని తింటుంది. మా అమ్మ దూరం నుంచి చూసి, "నంజుకోవడానికి అడుగుతుందేమో చూడండి" అంటుంది.